ప్రభువు బల్ల, మన ఇంటి బల్ల: 1 కొరింథీయులకు 11:17-34 వెలుగులో అనుదిన సంబంధములు

ఉపోద్ఘాతము

విశ్వాసము ఎక్కడ పరీక్షకు నిలుస్తుంది అని అడిగితే మనలో చాలామంది శ్రమలను, శోధనలను, హింసను పేర్కొంటారు. అది సరియైన జవాబే. అయితే అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలో ఈ పరీక్షను మరియొక చోట పెట్టాడు. అది భోజనపు పంక్తి. ఎవరు ముందు తింటున్నారు, ఎవరు కడుపు నిండా తింటున్నారు, ఎవరికి ఏమీ మిగలడము లేదు అన్న సంగతిని చూచి, మీరు కూడివచ్చి తినే ఆ భోజనము ప్రభువు భోజనమే కాదని ఆయన తేల్చి చెప్పాడు (11:20-21).

ఈ వాక్యభాగము మన సంఘములకు క్రొత్తది కాదు. ప్రతి సంస్కారపు ఆదివారము దీనిని వింటాము. కాని సాధారణముగా 23వ వచనముతో మొదలుపెట్టి 29వ వచనముతో ముగిస్తాము. దానికి ముందున్న 17-22 వచనములను, తరువాత వచ్చే 33-34 వచనములను చదవడము అరుదు. ఆ మొదలు, ఆ చివర రెండును కలిసి భోజనము చేయడమును గురించినవే. వాటిని తీసివేసి మధ్య భాగమును మాత్రమే చదివినప్పుడు, సంస్కారము విశ్వాసికిని ప్రభువుకును మధ్య మాత్రమే జరిగే ఒక రహస్య వ్యవహారముగా మారిపోతుంది. పక్కన మోకరించినవాడు మన కంటికి కనబడడు.

ఈ వ్యాసము చెప్పదలచినది ఒక్కటే. ప్రభువు బల్లయొద్ద మనము ఒప్పుకొనే విశ్వాసము నిజమైనదో కాదో మన ఇంటి బల్ల, మన విందు పంక్తి చూపిస్తాయి. ఈ మాటకు పౌలు వ్రాతలో ఆధారమేమిటో మొదట చూచి, తరువాత మన తెలుగు సంఘముల, గృహముల పరిస్థితికి దానిని అన్వయించుకొందాము.

1. కొరింథు పట్టణము, అక్కడి సంఘము

ప్రాచీన కొరింథును రోమీయులు క్రీ.పూ. 146లో నాశనము చేశారు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు దానిని రోమా వలస పట్టణముగా మరల స్థాపించాడు. అక్కడికి పంపబడిన వారిలో ఎక్కువమంది దాస్యమునుండి విడుదల పొందినవారు. ఒకవైపు లెకాయము, మరొకవైపు కెంక్రేయ అనే రెండు రేవులు ఉండడము వలన వ్యాపారము పెరిగింది, క్రొత్తగా ధనవంతులైనవారు పెరిగారు. పుట్టుకతో గౌరవము దక్కనివారికి దానిని సంపాదించుకోవాలన్న ఆరాటము ఎక్కువ. ఎవరి ఇంటి విందుకు ఎవరు పిలువబడ్డారు, ఏ స్థానములో కూర్చుండబెట్టబడ్డారు అన్నది అటువంటి పట్టణములో పెద్ద విషయము.

పౌలు అక్కడ ఏడాదిన్నర పని చేశాడు (అపొ. 18:11). గల్లియో అధిపతిగా ఉన్న కాలమును డెల్ఫీలో దొరికిన ఒక శాసనమును బట్టి క్రీ.శ. 51-52 ప్రాంతముగా పండితులు నిర్ణయించారు. తరువాత కొద్ది సంవత్సరములకు పౌలు ఎఫెసునుండి ఈ పత్రిక వ్రాశాడు (16:8).

సంఘములో ఎక్కువమంది సామాన్యులే. జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశమువారు అనేకులు లేరని పౌలే గుర్తుచేస్తాడు (1:26). అనేకులు లేరంటే కొందరు ఉన్నారనే అర్థము. సమాజమందిరపు అధికారియైన క్రిస్పు ఉన్నాడు. సంఘమంతటికి ఆతిథ్యమిచ్చిన గాయు ఉన్నాడు, పట్టణపు ఖజానాదారుడైన ఎరస్తు ఉన్నాడు (రోమా 16:23). వారితోపాటు దాసులు, కూలివారు, చేతిపనివారు ఉన్నారు. ఇటువంటి భిన్నమైన జనము ఒకే పంక్తిలో కూర్చోవడము ఆనాటి సమాజములో అపురూపమైన సంగతి. చిక్కు కూడ అక్కడే వచ్చింది.

2. ఆ విందులో జరిగినదేమిటి?

నేడు మనము తీసుకొనే చిన్న రొట్టెముక్క, ఒక గుక్క ద్రాక్షారసము వలె కాక, కొరింథులో ప్రభువు భోజనము పూర్తి భోజనముతో కలిసి జరిగేది. పౌలు వాడిన ‘దైప్నోన్’ అనే గ్రీకు మాట సాయంకాలపు ప్రధాన భోజనమును సూచిస్తుంది.

సంపన్నుల ఇళ్ళలో భోజనశాలకు మూడువైపుల ఆనుకొని కూర్చునే ఆసనములు ఉండేవి. అక్కడ మామూలుగా తొమ్మిదిమందికి చోటు. మిగిలినవారు బయటి వసారాలోనో, ముంగిట్లోనో ఉండవలసినదే. సంఘకూటము ఇటువంటి ఇంటిలో జరిగి ఉంటే, ఇంటివానికి దగ్గరవారు లోపల, దాసులు, కూలివారు బయట ఉండి ఉంటారని జెరోమ్ మర్ఫీ-ఒకానర్ వంటి పండితులు వివరించారు. తరువాతి కాలములో డేవిడ్ హారెల్, ఎడ్వర్డ్ ఆడమ్స్ వంటివారు, కూటములు దుకాణములపైనున్న గదులలోను, పనిశాలలలోను కూడ జరిగి ఉండవచ్చునని చూపించారు. కాబట్టి గది కొలతల మీద మన వాదమును నిలబెట్టనవసరము లేదు. స్థలము ఏదైనను, ఒకడు ఆకలితో ఉండగా మరొకడు మత్తుడై ఉన్నాడన్న పౌలు మాట మనకు చాలును.

ఆనాటి విందులలో హోదాను బట్టి వేరువేరు వంటకములు వడ్డించడము మామూలు ఆచారము. రోమా రచయిత చిన్న ప్లినీ ఒక ఉత్తరములో అటువంటి విందును వర్ణించాడు. ఆ ఇంటివాడు తనకును, తన ముఖ్య అతిథులకును శ్రేష్ఠమైన పదార్థములు పెట్టి, మిగిలినవారికి చౌకవి పెట్టాడట. ద్రాక్షారసము కూడ మూడు రకములుగా పోశాడట: తనవారికి ఒకటి, తక్కువ స్నేహితులకు ఒకటి, విడుదల పొందిన దాసులకు ఒకటి. ప్లినీ దీనిని అసహ్యించుకొన్నాడు. తన ఇంట అందరికీ ఒకే వడ్డన అని, ఖర్చు ఎక్కువవుతుందనుకుంటే తానే తక్కువ రకము త్రాగుతానని వ్రాశాడు. ఈయన క్రైస్తవుడు కాడు. క్రైస్తవులు చేయవలసిన పనిని ఒక అన్యుడు గ్రహించగలిగాడు, కొరింథు విశ్వాసులు గ్రహించలేకపోయారు.

దీనికి మన తెలుగులో చక్కని మాట ఉన్నది: బంతిలో వలపక్షము. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత కూడ ఉన్నది. కొరింథులో కడబంతివారికి వడ్డించేవాడు లేడు, వడ్డించడానికి పదార్థము కూడ లేదు.

3. పౌలు వాడిన నాలుగు మాటలు

మొదటిది, ‘కురియకోన్’, అనగా ప్రభువుకు చెందిన అని అర్థము. ఈ మాట క్రొత్త నిబంధనలో రెండుసార్లే కనబడుతుంది: ఇక్కడ భోజనమును గూర్చి, ప్రకటన 1:10లో దినమును గూర్చి. దీనికి ఎదురుగా పౌలు ‘ఇదియోన్’ అనే మాట పెట్టాడు, అనగా స్వంతమైన అని (11:21). ఎవని స్వంత భోజనము వాడు తింటే, పైన ఎంత ప్రార్థన చేసినను అది ప్రభువు భోజనము కాదు. బల్లమీద ఉన్నది ప్రభువుదైతే వడ్డన క్రమమును నిర్ణయించేది కూడ ఆయనే.

రెండవది, 27వ వచనములోని ‘అనాక్సియోస్’. దీనిని అయోగ్యముగా అని అనువదిస్తాము. వ్యాకరణము ప్రకారము ఇది వ్యక్తిని వర్ణించే మాట కాదు, క్రియను వర్ణించే మాట. నేను యోగ్యుడనా అని పౌలు ఇక్కడ అడగడము లేదు. ఆ మాటకు వస్తే ఎవరూ యోగ్యులు కారు. తినే విధానము ప్రభువు మరణమునకు తగినట్లు ఉన్నదా అని అడుగుతున్నాడు. ఈ భేదము తెలియకపోవడము వలన మన సంఘములలో ఎంతో నష్టము జరుగుతున్నది. సున్నితమైన మనస్సాక్షి గలవారు తమకు ఒక చెడు తలంపు వచ్చిందని బల్లయొద్దకు రాకుండ వెనుక కూర్చుంటారు. పొరుగువానిని తృణీకరించేవారు ఏ సంకోచము లేకుండ ముందు వరుసలో మోకరిస్తారు. పౌలు హెచ్చరిక ఎవరిని ఉద్దేశించినదో వారికి తగలకుండ, ఎవరిని ఉద్దేశించలేదో వారికి తగులుతున్నది.

మూడవది, ‘సోమా’, అనగా శరీరము (11:29). శరీరమును వివేచించడము అంటే ఏమిటి? ఈ వచనములో కొన్ని ప్రతులలో ప్రభువు అనే మాట చేర్చబడినది గాని, 46వ పపైరస్, సినాయి ప్రతి, వాటికన్ ప్రతి వంటి ప్రాచీన ప్రతులలో శరీరము అని మాత్రమే ఉన్నది. ఇది రొట్టెయందు మనము జ్ఞాపకము చేసుకొనే క్రీస్తు శరీరమా, లేక సంఘమనే శరీరమా? ఒకటి ఉంచి మరొకటి తోసివేయనవసరము లేదు. దీనికి ముందు అధ్యాయములోనే, రొట్టె ఒక్కటే గనుక అందులో పాలుపొందే అనేకులమైన మనము ఒక్క శరీరమై ఉన్నామని పౌలు బోధించాడు (10:17). తరువాతి అధ్యాయములో, బలహీనమైన అవయవములకు ఎక్కువ ఘనత ఇచ్చేలాగున దేవుడు శరీరమును అమర్చాడని చెప్పబోతున్నాడు (12:22-24). ఈ రెండింటి మధ్యనున్న మాటను, పక్కనున్న సహోదరుని మినహాయించి అర్థము చేసుకోలేము. రొట్టెను గౌరవించి, ఆ రొట్టెలో పాలివాడైన మనిషిని అవమానించేవాడు శరీరమును వివేచించలేదు.

నాలుగవది, 33వ వచనములోని ‘ఎక్దెఖొమాయ్’. కనిపెట్టుకొని ఉండడము, చేర్చుకొనడము అనే రెండు అర్థములకు దీనిలో చోటున్నది. పని ముగించుకొని ఆలస్యముగా వచ్చే కూలివాని కొరకు ఆగండి అన్నా, ఏమీ తెచ్చుకోలేని వానిని మీ పంక్తిలో చేర్చుకొనండి అన్నా, పౌలు ఆజ్ఞ ఒకే దిక్కుకు నడిపిస్తుంది. ఇంత గంభీరమైన తీర్పు మాటలు, రోగమును, మరణమును గూర్చిన మాటలు (11:30) పలికిన తరువాత ఆయన ఇచ్చిన పరిష్కారము ఇదే. ఎక్కువ ఉపవాసము చేయమనలేదు, ఎక్కువసేపు ప్రార్థించమనలేదు. ఒకరికొరకు ఒకరు ఆగమన్నాడు.

4. ఈ బోధ పౌలుతో మొదలైనది కాదు

యేసుక్రీస్తు పరిచర్యలో సుంకరులతోను, పాపులతోను చేసిన భోజనములు పరిసయ్యులకు అభ్యంతరమయ్యాయి (మార్కు 2:15-17). విందు చేసినప్పుడు తిరిగి పిలువలేనివారిని పిలువమని ఆయన చెప్పాడు (లూకా 14:12-14). కడరా భోజనమందే శిష్యులలో ఎవడు గొప్పవాడన్న వివాదము పుట్టిందని లూకా వ్రాశాడు (22:24-27). ఆ వివాదమునకు ప్రభువు ఇచ్చిన జవాబు, తాను వారిమధ్య పరిచర్య చేసేవానివలె ఉన్నానన్నదే. అంటే మొట్టమొదటి ప్రభువు భోజనములోనే హోదా ప్రశ్న తలెత్తింది.

అంతియొకయలో పేతురు అన్యజనులైన విశ్వాసులతో కలిసి తినుచుండి, యెరూషలేమునుండి కొందరు రాగానే వెనుకకు తీసి వేరైపోయాడు. బర్నబా కూడ ఆ వేషధారణలో కొట్టుకొనిపోయాడు (గలతీ 2:11-14). పేతురు బోధలో ఏ మార్పూ లేదు. మారినది భోజనము చేసే చోటు మాత్రమే. అయినను పౌలు దానిని సువార్త సత్యమునకు విరుద్ధమైన నడవడిగా ఎంచి అందరి ఎదుట గద్దించాడు. ఎవరితో కలిసి తింటామన్నది మర్యాదకు సంబంధించిన చిన్న విషయమని పౌలు తలంచలేదు.

5. తెలుగు నేలమీద ఈ ప్రశ్న

సహపంక్తి భోజనము ఎంత బరువైన విషయమో తెలుగువారికి ఎవరూ నేర్పనక్కరలేదు. 12వ శతాబ్దములో పల్నాటి బ్రహ్మనాయుడు నడిపించిన చాపకూడును మనము తరతరములుగా చెప్పుకొంటున్నాము. అన్ని కులములవారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి అన్నము పెట్టడము అంత సాహసముగా తోచింది గనుకనే అది వీరగాథలో నిలిచిపోయింది.

సువార్త దక్షిణ భారతమునకు వచ్చినప్పుడు ఈ ప్రశ్న వెంటనే ఎదురైంది. కులభేదము సంఘములో ఉండరాదని కలకత్తా బిషప్ డానియేల్ విల్సన్ 1833లో దక్షిణాది సంఘములకు ఆదేశము పంపాడు. 1850లో మద్రాసు మిషనరీల సమావేశము, కులమును విడిచిపెట్టినట్లు గుర్తుగా ఇతర కులస్థులు వండినదానిని తినడానికి విశ్వాసి సమ్మతించాలని తీర్మానించింది. లైప్‌జిగ్ లూథరన్ మిషనరీలు దీనితో ఏకీభవించలేదు. కులము సమాజ విషయమని, దానిని బోధ ద్వారా మెల్లమెల్లగా మార్చాలని వారి అభిప్రాయము. ఎవరి వాదము సరియైనదని ఇక్కడ తీర్పు చెప్పడము నా ఉద్దేశము కాదు. ఆ పెద్దలు విశ్వాసప్రమాణముల దగ్గర కంటె అన్నము దగ్గరే విశ్వాసమును కొలిచి చూడవలసి వచ్చిందన్నదే గమనించదగినది.

ఒంగోలు చరిత్ర మన పత్రికకు మరింత దగ్గరగా ఉన్నది. 1866లో మాదిగ కులస్థుడైన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందిన తరువాత ఆ ప్రాంతమునుండి ఆయన తోటివారు సువార్తకు రాసాగారు. వీరిని చేర్చుకొనడము ఆపితే తాము వస్తామన్నట్లు పై కులములవారి ఒత్తిడి మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ మీద పడింది. ఆ సమయములో తానును, తన భార్యయు వేరువేరు గదులలో ఉండి బైబిలు తెరువగా ఇద్దరికీ ఒకే భాగము దొరికిందని క్లౌ తన జీవిత వృత్తాంతములో చెప్పాడు. అది 1 కొరింథీ 1:26 మొదలుకొని ఉన్న మాటలే. వారు ఆ ఒత్తిడికి లొంగలేదు. 1876-78 నాటి గొప్ప కరువు తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి రేవు వద్ద ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. మన తెలుగు సంఘముల వేరు ఈ నిర్ణయములో ఉన్నది. ఎవరిని పంక్తిలోనుండి లేపితే గొప్పవారు వస్తారో వారిని లేపకుండ ఉండడము వలన పుట్టిన సంఘములు మనవి. అటువంటి సంఘములలో బంతిలో వలపక్షము ఉండడము తన పుట్టుకను మరచిపోవడమే.

6. నేటి మన బల్లలు

రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసింది. 1955లో వచ్చిన చట్టము దానిని శిక్షార్హమైన నేరముగా చేసింది. హోటలులో రెండు గ్లాసుల పద్ధతిని మన సంఘములు గట్టిగా ఖండిస్తాయి, ఖండించాలి కూడ. ఆ ఖండనను మన సొంత ఇంటి వంటగది వరకు తీసుకొనివెళ్ళాలి.

ఒక సామాన్యమైన ఉదాహరణ ఆలోచించండి. ఉద్యోగస్థులైన ఒక క్రైస్తవ కుటుంబము. ఇంట్లో పనిచేసే సహోదరి కూడ అదే సంఘమునకు వస్తుంది. ప్రతి దినము ఆమెకు టీ ఇస్తారు. అయితే ఆ గ్లాసు మిగిలిన గ్లాసులతో కలవదు. అది పెరటి గట్టుమీదో, కిటికీ అంచుమీదో ఉంటుంది. ఇంట్లోని గిన్నెలన్నీ ఆమె చేతితోనే కడిగించుకొంటారు, కాని ఆమె త్రాగిన గ్లాసు ఆ గిన్నెలలో చేరదు. ఎందుకని అడిగితే శుభ్రత అంటారు. శుభ్రత కొరకైతే ఇంటికి వచ్చిన చుట్టమునకు కూడ వేరు గ్లాసు పెట్టాలి గదా! మొదటి ఆదివారము ఈ ఇంటివారును ఆమెయు ఒకే రొట్టెలో పాలుపొందుతారు. ఆరు దినములు గట్టుమీద ఉన్న గ్లాసు ఆ ఒక్క రొట్టెను గూర్చి ఏమి సాక్ష్యమిస్తున్నది?

రెండవ ఉదాహరణ మన ఇంట్లోనివారే. చాల ఇళ్ళలో భర్త, పిల్లలు, అతిథులు తిన్న తరువాత స్త్రీలు తింటారు. దోసెలు పోసే ఆమె అందరికీ వేడివేడిగా వేసి, చివరి దోసెను పొయ్యి దగ్గర నిలబడి తింటుంది. కూర మిగిలితే వేసుకొంటుంది, లేకపోతే పచ్చడితో సరిపెట్టుకొంటుంది. ఆమె దీనిని ప్రేమతోనే చేస్తుంది, అందులో సందేహము లేదు. కాని ఆమె ప్రేమ మనకు సెలవు చీటీ కాకూడదు. ఒకరికొరకు ఒకరు ఆగమన్న ఆజ్ఞను అక్షరాల నెరవేర్చగల చోటు మన ఇంట్లోనే ఉన్నది. అలాగే పక్క గదిలో మంచముమీద ఉన్న వృద్ధులైన తల్లిదండ్రులకు కంచము పంపించి ఊరుకొంటున్నామా, లేక వారానికి ఒక పూటయైనా వారి మంచము పక్కన కూర్చుండి తింటున్నామా?

మూడవది సంఘపు ప్రేమవిందు. పేరు ప్రేమవిందు. కాని మొదటి బంతిలో కాపరి, కమిటీ సభ్యులు, పట్టణమునుండి వచ్చిన అతిథులు కుర్చీలమీద కూర్చుంటారు. గుడి ఊడ్చే సహోదరుడు, డప్పు వాయించిన యౌవనుడు, విస్తళ్ళు ఎత్తిన స్త్రీలు చివరి బంతిలో తింటారు. అప్పటికి మాంసము అడుగంటి పులుసు మిగులుతుంది. యాకోబు 2:1-4లో కూర్చునే స్థలమును గూర్చి చెప్పినది విందుకు కూడ వర్తిస్తుంది.

నాలుగవది చెప్పడానికి కష్టమైనదైనా చెప్పకతప్పదు. ఒకే గ్రామములో మాలపల్లెకు ఒక గుడి, మాదిగపల్లెకు ఒక గుడి ఉన్న చోట్లు మనకు తెలుసు. ఒకే ఊరివారు, ఒకే బైబిలు, ఒకే కీర్తనల పుస్తకము. అయినను ఒకరి ప్రేమవిందుకు మరొకరు రారు, వచ్చినా తినరు, పిల్లను ఇచ్చుకోరు. పై కులములవారు మనకు చేసిన దానిని గూర్చి దుఃఖపడే మనము, దానినే ఒకరికొకరము చేసుకొంటున్నాము. కులమునుండి వచ్చిన గాయము ప్రభువు బల్లయొద్ద మానాలి. అక్కడ కూడ అది రేగుతుంటే ఇంక మానే చోటు ఏది?

7. రెండు అభ్యంతరములు

మొదటి అభ్యంతరము: దేవుని రాజ్యము భోజనమును పానమును కాదు గదా (రోమా 14:17), ఆత్మీయ విషయములు విడిచి గ్లాసులను, బంతులను గూర్చి ఎందుకు? ఆ మాటను పౌలు ఏ సందర్భములో వ్రాశాడో చూడాలి. తన ఆహారపు పట్టుదల వలన సహోదరుని పాడుచేయవద్దని చెప్పుచు ఆయన అలా వ్రాశాడు. అంటే సహోదరుని మనస్సు ఆహారము కంటె విలువైనదని ఆయన వాదము. మనము చేస్తున్నదీ అదే వాదము.

రెండవ అభ్యంతరము మరింత బలమైనది. ఆకలి గొన్నవాడు ఇంటిలోనే తినవలెనని పౌలు 34వ వచనములో అన్నాడు. అంటే సంఘములో సమానత పాటించి, ఇంట్లో ఎవరిష్టము వచ్చినట్లు వారు తినవచ్చునని కాదా? జర్మన్ పండితుడు గెర్డ్ థైసెన్ ఈ వచనమును ఇంచుమించు ఇలాగే చదివాడు. హోదాభేదములను తీసివేయకుండ, వాటిని ప్రేమతో మెత్తబరచే రాజీ మార్గమును పౌలు సూచించాడని ఆయన అభిప్రాయము.

ఈ వాదమును తేలికగా త్రోసివేయకూడదు. ఆనాటి సంఘము దాస్యమును ఒక్కసారిగా కూలద్రోయలేదన్నది నిజమే. అయితే మూడు సంగతులు గమనించాలి. మొదటిది, కొరింథులో సంఘము కూడుకొన్న చోటు తరచుగా ఒకరి ఇల్లే. ఇల్లు, సంఘము అనే గోడ మనకున్నంత ఎత్తుగా వారికి లేదు. రెండవది, స్తెఫను ఇంటివారివలె కుటుంబములు కుటుంబములుగా బాప్తిస్మము పొందారు (1:16). ఆ ఇంటిలో అన్నము వండే దాసి, అది తినే యజమాని ఒకే శరీరములో అవయవములై ఉండవచ్చును. మూడవది, ఇంటి సంబంధములను కూడ పౌలు ప్రభువు ఎదుటకే తెచ్చాడు. ఒనేసిమును దాసునికంటె ఎక్కువగా, ప్రియ సహోదరునిగా ఇంటికి చేర్చుకొనమని ఫిలేమోనును కోరాడు (ఫిలే. 16). కాబట్టి 34వ వచనము ఇంటికి ఇచ్చిన మినహాయింపు కాదు. ఆకలి అనే సాకుతో సహోదరుని అవమానించవద్దన్న హెచ్చరిక మాత్రమే.

8. ఆచరణకు కొన్ని సూచనలు

ఒకటి, సంస్కారపు ఆదివారమున 23వ వచనముతో కాక 17వ వచనముతో మొదలుపెట్టి 34 వరకు చదవాలి. అదనముగా పట్టేది ఒకటి రెండు నిమిషములే.

రెండు, తన్ను తాను పరీక్షించుకొనడము (11:28) అన్నప్పుడు సంఘమునకు నిర్దిష్టమైన ప్రశ్నలు ఇవ్వాలి. మా ఇంట్లో ఎవరి గ్లాసు వేరుగా ఉన్నది? ఎవరు చివర తింటున్నారు? ఈ నెలలో నాకంటె తక్కువ స్థితిలో ఉన్న ఎవరి ఇంట నేను తిన్నాను? అలాగే అల్ప విశ్వాసముతో, సిగ్గుతో వెనుక కూర్చున్నవారిని ధైర్యపరచి పిలువాలి. పశ్చాత్తాపపడే పాపికొరకే ఆ బల్ల సిద్ధపరచబడినది.

మూడు, సమాధానపు వందనమును యాంత్రికముగా జరుపకూడదు. 1950లో వచ్చిన దక్షిణ ఇండియా సంఘపు ఆరాధన క్రమములో, చేతులలో చేతులుంచి సమాధానమును ఒకరినుండి ఒకరికి అందించే ఆచారమును కేరళ సిరియా సంఘముల సంప్రదాయమునుండి తీసుకొన్నారు. తాకడమునే అపవిత్రముగా ఎంచిన దేశములో ఈ క్రమము ఎంత అర్థవంతమైనదో సంఘమునకు వివరించాలి. మత్తయి 5:23-24 ప్రకారము మాటలు లేనివారు మొదట సమాధానపడాలి.

నాలుగు, ప్రేమవిందులో కాపరియు, పెద్దలును వడ్డించి చివరి బంతిలో తినాలి. దీనికి తీర్మానము అవసరము లేదు. ఒకసారి కాపరి గరిటె పట్టుకొంటే చాలును.

ఐదు, గృహదర్శనములలో బీదల ఇంట ప్రార్థన చేసి, అర్జంటు పని ఉన్నదని లేచిపోయి, కలిగినవారి ఇంట భోజనమునకు కూర్చునే అలవాటు కాపరులలో ఉంటే అది మానాలి. ఆ ఇంట ఉన్న గంజియైనా, టీయైనా కూర్చుండి త్రాగాలి. ప్రసంగము చేయలేని పనిని ఆ టీ గ్లాసు చేస్తుంది.

ఆరు, ప్రతి విశ్వాస కుటుంబము దినమునకు ఒక పూటయైనా అందరును కలిసి తినాలి. వండినవారు కూర్చునే వరకు ఎవరూ ముద్ద ఎత్తకూడదు. గిన్నెలు బల్లమీద పెట్టుకొంటే ఎవరూ నిలబడి వడ్డించనవసరము లేదు. పనిచేసే సహోదరి ఆ వేళకు ఉంటే ఆమెకు కూడ అదే కంచము, అదే గ్లాసు. కుటుంబ ప్రార్థనను వేరే వేళకు వాయిదా వేసేవారు ఈ భోజనముతో దానిని కలుపుకోవచ్చును.

ముగింపు

ఈ రొట్టెను తిని ఈ పాత్రలోనిది త్రాగినప్పుడెల్ల ప్రభువు వచ్చేవరకు ఆయన మరణమును ప్రచురిస్తామని పౌలు చెప్పాడు (11:26). ప్రచురించడము అంటే ఎవరో వినాలి, ఎవరో చూడాలి. మన ఇంట పనిచేసేవారు, మన పిల్లలు, మన కోడళ్ళు, మన పక్క పల్లెవారు మన ప్రసంగములు వినకపోయినా మన వడ్డనను ప్రతి దినము చూస్తున్నారు. అందరికొరకు విరువబడిన శరీరమును గూర్చి వారు అక్కడ ఏమి చదువుతున్నారో, మన సంస్కారమునకు అదే వ్యాఖ్యానము.

ఇది పెద్ద ఖర్చుతో, పెద్ద పథకముతో చేయవలసిన పని కాదు. రాబోయే సంస్కారపు ఆదివారమునకు ముందు ప్రతి ఇంట గట్టుమీది గ్లాసు లోపలికి వచ్చి మిగిలిన గ్లాసులతో కలిస్తే, ఆ ఆదివారము మనము తినేది ప్రభువు భోజనమని చెప్పుకొనడానికి మనకు ధైర్యము కలుగుతుంది. అట్టి కృపను ప్రభువు మన సంఘములకు, మన గృహములకు అనుగ్రహించును గాక. ఆమేన్.